ఒక జాబు – ఆరువందల చిరునామాలు

శ్రీకాకుళమనే పేరుగల ఊళ్లు ఆంధ్రదేశంలో రెండున్నవి. ఒకటి నాగావళీ తీరాన ఉన్న జిల్లా ముఖ్యపట్టణం. రెండవది కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలోని గ్రామం. ఆంధ్రమహావిష్ణువు ఆలయం వల్ల ప్రసిద్ధికెక్కినది. కవరుమీద "శ్రీకాకుళం" అని మాత్రమే వ్రాసి తపాలా పెట్టెలో వేస్తే ఆ జాబు ఏ ఊరికి పోవలెనో చెప్పడం కష్టం. ఇటువంటి చిక్కులు దేశమంతటా ఉన్నందువల్లనే 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఆరంకెల పిన్‌కోడును ప్రవేశపెట్టినది. దానిని రూపొందించిన శ్రీరాం భికాజీ వేలంకర్ కేంద్రప్రభుత్వంలో ఉన్నతోద్యోగి; సంస్కృత కవి కూడా. 532001 అని వ్రాస్తే నాగావళి ఒడ్డు శ్రీకాకుళమని తేలిపోతుంది. కృష్ణాజిల్లా గ్రామానికైతే సంఖ్య 521తో మొదలవుతుంది.

ఈ ఆరంకెలు ఏదో వరుసలో పెట్టినవి కావు. మొదటి అంకె దేశంలోని పెద్ద ప్రాంతాన్ని తెలుపుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక రాష్ట్రాలకు అది 5. మొదటి మూడంకెలు కలిసి ఉత్తరాలను వేరుచేసే తపాలా జిల్లాను, చివరి మూడంకెలు ఆ జిల్లాలోని తపాలా కార్యాలయాన్ని సూచిస్తవి. శ్రీకాకుళం వైపు ఊళ్లకు 532, విజయనగరం వైపు ఊళ్లకు 535 అని ఉత్తరాంధ్రలో బడిపిల్లలకు కూడా తెలుసు. పాతపట్నం దాటి కొద్దిదూరం పోతే పర్లాకిమిడి వస్తుంది. అక్కడ కూడా తెలుగు వినబడుతుంది గాని అది ఒడిశా కాబట్టి పిన్‌కోడు 761తో ఆరంభమవుతుంది.

దీనినిబట్టి గ్రహించవలసినది ఒకటున్నది. చిరునామా చూడడానికి ఒక్క ముక్కగా కనిపించినా నిజానికి అది చిన్నచిన్న భాగాల కూర్పు. పేరు, ఇంటి నంబరు, ఊరు, తపాలా కార్యాలయం, మండలం, జిల్లా, పిన్‌కోడు – వీటిలో ప్రతిదానికి వేరువేరు పని ఉన్నది. కంప్యూటరు చేత చిరునామాలు వ్రాయించదలచినవారు మొట్టమొదట పట్టుకోవలసిన సూత్రం ఇదే.

పాలకొండలో ఒక ఉన్నత పాఠశాల స్వర్ణోత్సవం జరుపుకొనదలచి, ఆరువందలమంది పూర్వవిద్యార్థులకు ఆహ్వానాలు పంపవలసి వచ్చినదనుకొందాం. ఆహ్వానం అందరికీ ఒకటే. దానిని అచ్చు వేయించడం పెద్ద పని కాదు. కాని కవర్లమీద చిరునామాలు వ్రాయాలి. ఒక్కొక్కదానికి రెండు నిమిషాలు పట్టినా మొత్తం పన్నెండువందల నిమిషాలు, అనగా ఇరవై గంటలు. నలుగురు ఉపాధ్యాయులు బడి వదలిన తరువాత కూర్చున్నా తలకు అయిదు గంటలు. మూడవ గంటకు చేయి నొప్పి పుడుతుంది, నాలుగవ గంటకు 535 వ్రాయవలసినచోట 532 పడుతుంది. పై ఏడు మళ్లీ సభ చేస్తే మళ్లీ ఇరవై గంటలు.

ఇక్కడి ఇబ్బంది చాలా పాతది. అందరికీ సమానమైన దానిని ఎన్ని ప్రతులైనా తీయడానికి అచ్చుయంత్రం ఉన్నది, తరువాత సైక్లోస్టైల్ వచ్చినది. ఒక్కొక్కరికి మారేదానిని యంత్రం చేత వ్రాయించడమే కష్టమైనది. అమెరికాలో జోసెఫ్ డంకన్ అనే ఆయన 1896లో అడ్రెసోగ్రాఫ్ అనే యంత్రానికి పేటెంటు పొందినాడు. ఈ తరహా యంత్రాలలో చిరునామాకొక చిన్న లోహపు రేకు ఉంటుంది. అక్షరాలు రేకుమీద ఉబ్బెత్తుగా ఉంటవి. రేకులను వరుసగా పేర్చి యంత్రంలో పెడితే ఒక్కొక్కటే వచ్చి కవరుమీద ముద్ర వేసి పోతుంది. ఎవరైనా ఇల్లు మారితే ఆ ఒక్క రేకు తీసి కొత్తది పెడితే చాలు. చిరునామాల పట్టీ వేరు, దానిని వాడుకొనే పత్రం వేరు అనే ఆలోచన అప్పటికే ఉన్నదన్నమాట. 1964లో ఐ.బి.ఎం. సంస్థ అయస్కాంతపు టేపుతో పనిచేసే టైపు యంత్రాన్ని విడుదల చేసినది. రెండు టేపులు పెట్టగల నమూనాలో ఒక టేపుమీద జాబు, మరొకదానిమీద చిరునామాలు ఉంచి రెండింటినీ కలిపి టైపు చేయించే వీలు కలిగింది. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ అనే వర్డ్ ప్రాసెసర్‌కు తోడుగా అమ్మిన ప్రోగ్రాం పేరు మెయిల్‌మెర్జ్. ఆ వ్యాపారనామమే క్రమంగా ఈ పద్ధతికంతటికీ పేరైపోయింది. మెర్జ్ అనగా కలపడం, నాగావళిలో సువర్ణముఖి కలిసినట్లు రెండు పాయలు ఒకటి కావడం.

ఆ రెండు పాయలలో మొదటిది పట్టిక. ఎక్సెల్, లిబ్రె ఆఫీస్ కాల్క్ వంటి ప్రోగ్రాములలో దీనిని తయారుచేయవచ్చు. అడ్డు వరుసకు ఒక మనిషి. ఆ వరుసను రికార్డు అంటారు. నిలువు వరుసకు ఒక వివరం. దానిని ఫీల్డు అంటారు. మొదటి అడ్డు వరుసలో మాత్రం ఫీల్డుల పేర్లు వ్రాయాలి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు 1997లో స్థాపించిన కథానిలయంవారు తమ వెబ్‌సైటులో కథలను వెదకడానికి చేసిన ఏర్పాటు వెనుక ఉన్నది ఇటువంటి ఊహే. కథ పేరు ఒక వివరం, రచయిత మరొకటి, పత్రిక ఇంకొకటి. ఒక్కొక్క కథ ఒక్కొక్క రికార్డు. వివరాలను విడివిడిగా ఉంచినందువల్లనే రచయిత పేరుతోనైనా పత్రిక పేరుతోనైనా వెదకవచ్చు.

కొత్తగా పని మొదలుపెట్టినవారు చేసే పొరపాటు, చిరునామానంతటినీ ఒకే గడిలో కుక్కివేయడం. లేబుల్‌మీద అది బాగానే అచ్చవుతుంది. కాని "వీరఘట్టం మండలం వారికి మాత్రం ముందుగా జాబు పంపుదాం" అని ప్రధానోపాధ్యాయులు అడిగినప్పుడు దారి ఉండదు. ఇంటిపేరు, పేరు, ఇంటి నంబరు, గ్రామం, తపాలా కార్యాలయం, మండలం, పిన్‌కోడు – ఇన్ని నిలువు వరుసలు ఉండడమే మంచిది. గ్రామమూ తపాలా కార్యాలయమూ ఒకటే గదా అని తోచవచ్చు. పల్లెలలో అట్లా కాదు. మూడు నాలుగు గ్రామాలకు ఒకే పోస్టాఫీసు ఉండడం సామాన్యం.

మరొక నిలువు వరుస తప్పక ఉండాలి. అది పాఠశాల ప్రవేశపు పుస్తకంలోని సంఖ్య. ఈ ప్రాంతంలో ఒక తరగతిలో ముగ్గురు అప్పలరాజులు, ఇద్దరు రాములమ్మలు ఉండడం వింత కాదు. ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో కూడా ఉండవచ్చు. పేరునుబట్టి మనిషిని గుర్తించబోతే ఒక అప్పలరాజుకు రెండు కవర్లు పోయి, మరొకనికి ఒక్కటీ పోదు. "అప్పలరాజు" అని ఒకచోట, "అప్పల రాజు" అని మరొకచోట ఉంటే కంప్యూటరు వారిని ఇద్దరుగా లెక్కిస్తుంది. సంఖ్యకు ఈ చిక్కు లేదు. శ్రీ, శ్రీమతి అనే మాటలకు కూడా ప్రత్యేకంగా ఒక గడి ఉండాలి; పేరు చూచి ఊహించుకొని వ్రాయరాదు. సింహాచలం అనే పేరు విజయనగరం ప్రాంతంలో మగవారికీ ఉన్నది, ఆడవారికీ ఉన్నది.

ఇంటి నంబర్ల విషయంలో ఒక విచిత్రం జరుగుతుంది. పట్టణాలలో ఇంటి నంబర్లు 7-4-12 వంటి రూపంలో ఉంటవి గదా! దీనిని ఎక్సెల్ గడిలో టైపు చేయగానే అది తేదీ అని ఆ ప్రోగ్రాం భావిస్తుంది. భారతదేశపు పద్ధతికి అమర్చిన కంప్యూటరులో 7-4-12 అనే ఇల్లు 2012 ఏప్రిల్ 7గా మారిపోతుంది. అమెరికా పద్ధతికి అమర్చినదైతే జులై 4 అవుతుంది! కంగారుపడి ఆ గడిని అక్షరాల గడిగా మారిస్తే ఈసారి 41006 అని కనబడుతుంది. ఎక్సెల్ తేదీలను 1900 జనవరి 1 మొదలుకొని రోజుల లెక్కగా దాచుకొంటుంది. ఆ లెక్కలో 2012 ఏప్రిల్ 7కు వచ్చే సంఖ్య అది. ఇంటి నంబరు మాత్రం పోయింది. మందు సులభమే: టైపు చేయక పూర్వమే ఆ నిలువు వరుసనంతటినీ ఎంచుకొని, దాని తరహాను "టెక్స్ట్" అని నిర్ణయించాలి. తరువాత చేస్తే ప్రయోజనం లేదు.

పిన్‌కోడు వరుసకు కూడా ఇదే జాగ్రత్త అవసరం. కొందరు 532440 అని, మరికొందరు మధ్య ఖాళీ విడిచి 532 440 అని వ్రాస్తారు. కంటికి రెండూ ఒకటే. కంప్యూటరుకు మొదటిది సంఖ్య, రెండవది అక్షరాల వరుస. వర్డ్ ప్రోగ్రాం ఎక్సెల్ పట్టికను చదివేటప్పుడు సాధారణంగా మొదటి ఎనిమిది వరుసలను చూచి, ఈ ఫీల్డులో ఉన్నవి సంఖ్యలా అక్షరాలా అని నిశ్చయించుకొంటుంది. సంఖ్యలని నిశ్చయించుకొన్న తరువాత ఎక్కడో నూటయాభయ్యవ వరుసలో అక్షరాలు తగిలితే ఆ చోట ఖాళీనో సున్ననో అచ్చు వేసి ఊరుకొంటుంది. మొదటి పేజీ బాగున్నదని తృప్తిపడి తక్కినవి చూడకుండా తపాలాలో వేసేవారికి ఇది తెలియదు.

ఇక రెండవ పాయ, ప్రధాన పత్రం. ఇది వర్డ్ ప్రాసెసర్‌లో ఉంటుంది. అసలు పేర్లకు బదులు ఇందులో ఫీల్డుల పేర్లను పెడతారు. "ఇక్కడ పేరు, దాని క్రింద గ్రామం, ఆ క్రింద పిన్‌కోడు" అని చెప్పే మూస మాత్రమే ఇది. వర్డ్‌లోనైతే "మెయిలింగ్స్" అనే విభాగంలోకి పోయి, "స్టార్ట్ మెయిల్ మెర్జ్" క్రింద "లేబుల్స్" ఎంచుకోవాలి. "సెలెక్ట్ రెసిపియెంట్స్" ద్వారా పట్టికను చూపాలి. తరువాత "ఇన్సర్ట్ మెర్జ్ ఫీల్డ్" నొక్కి ఒక్కొక్క ఫీల్డును దాని స్థానంలో ఉంచాలి. లిబ్రె ఆఫీస్ రైటర్‌లో కూడా లేబుల్స్ కోసం ప్రత్యేకమైన ఏర్పాటు ఉన్నది; పైగా అది ఉచితంగా దొరుకుతుంది కాబట్టి పాఠశాలలకు అనుకూలం.

జాబులకూ లేబుళ్లకూ ఇక్కడ ఒక ముఖ్యమైన భేదమున్నది. జాబు విషయంలో ఒక పుటకు ఒక మనిషి. పుట పూర్తికాగానే ప్రోగ్రాం పట్టికలో తరువాతి వరుసకు తనంతట తాను పోతుంది. లేబుళ్ల విషయంలో ఒకే పుటలో ఇరవైనలుగురు మనుషులుంటారు. పుట పూర్తయ్యేవరకు ఆగితే ఇరవైనాలుగు గడులలోనూ ఒక్క సింహాచలంగారే ప్రత్యక్షమవుతారు. అందుచేత రెండవ గడి మొదలుకొని ప్రతి గడి ఆరంభంలోను "తరువాతి రికార్డుకు పో" అని చెప్పే ఒక సంకేతం ఉండాలి. వర్డ్‌లో దీనిని "నెక్స్ట్ రికార్డ్" అంటారు. మొదటి గడిలో మూస సిద్ధంచేసి "అప్‌డేట్ లేబుల్స్" అన్న మీట నొక్కితే ఆ మూస, ఈ సంకేతంతో సహా తక్కిన గడులన్నింటిలోకి పోతుంది. ఈ మీట నొక్కడం మరచినవారికి పుటలో ఒకే లేబుల్ నిండి, తక్కిన ఇరవైమూడు ఖాళీగా వస్తవి. ఆ దృశ్యం చూచి యంత్రం పాడైనదని మెకానిక్‌ను పిలిచేవారు కూడా ఉన్నారు.

కాగితం కొలతలు లెక్కవేసి చూడడం విద్యార్థులకు మంచి అభ్యాసం. ఏ-4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు. అడ్డంగా మూడు, నిలువుగా ఎనిమిది గడులు చేస్తే ఒక్కొక్క లేబుల్ వెడల్పు 70 మి.మీ., ఎత్తు 37 మి.మీ. పైచిలుకు. ఆరువందల లేబుళ్లకు సరిగా ఇరవైఅయిదు కాగితాలు. తెలుగులో అక్షరాల క్రింద ఒత్తులు, పైన గుడులు ఉంటవి కాబట్టి ఇంగ్లీషుకన్న వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. గుమ్మలక్ష్మీపురం అనే పేరులోని "క్ష్మీ" ఒక్కటి చాలు. 12 పాయింట్ల అక్షరానికి 18 పాయింట్ల ఎడం ఇచ్చామనుకొంటే, పాయింటు అనగా అంగుళంలో 72వ వంతు కాబట్టి, వరుసకు 6.35 మి.మీ. అవుతుంది. అయిదు వరుసలు 32 మిల్లీమీటర్లలోపే సరిపోతవి. ఆరవ వరుస చేరిస్తే 38 మి.మీ. దాటి పిన్‌కోడు కాస్తా క్రింది లేబుల్‌లో పడుతుంది. కనుక చిరునామాను అయిదు వరుసలలో ముగించాలి.

ముద్రించేటప్పుడు "కాగితానికి సరిపడేటట్లు కుదించు" అనే ఏర్పాటు ఎక్కడ ఉన్నా తీసివేయాలి. నూటికి మూడు వంతులు కుదించినా, పైనుండి 260 మి.మీ. దూరంలో ఉన్న ఎనిమిదవ వరుస దాదాపు 8 మి.మీ. పైకి జరుగుతుంది. పై వరుసలు బాగుండి క్రిందికి పోయినకొద్దీ అక్షరాలు గీత దాటుతుంటే కారణం ఇదే. ముందు మామూలు తెల్లకాగితంమీద ఒక పుట తీసి, దానిని లేబుళ్ల కాగితంతో కలిపి కిటికీ వెలుతురుకు పట్టి చూస్తే ఖరీదైన కాగితం వృథా కాదు.

ఇంతవరకు చెప్పినది పనితనం. కాని పట్టికను భాగాలుగా విభజించడంలోని అసలు ప్రయోజనం ఉత్తరాంధ్రలో 2022లో స్పష్టంగా తెలిసివచ్చింది. ఆ సంవత్సరం ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడినవి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు శ్రీకాకుళం జిల్లానుండి విడిపోయి, పార్వతీపురం ముఖ్యపట్టణంగా ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస మండలాలు విజయనగరం జిల్లాకు పోయినవి. విజయనగరం జిల్లానుండి సాలూరు, కురుపాం, మక్కువ, కొమరాడ మొదలైనవి మన్యం జిల్లాలో కలిసినవి. ఏ ఊరూ కదలలేదు, ఏ ఇల్లూ కదలలేదు. తెల్లవారేసరికి వేలకొలది చిరునామాలలో జిల్లా పేరు మాత్రం పాతబడిపోయింది.

ఇది ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. పార్వతీపురంలో 1940 ప్రాంతంలో పుట్టిన మనిషి తన ఇల్లు వదలకుండానే నాలుగు జిల్లాలలో నివసించినట్లు లెక్క. పుట్టినప్పుడు విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా అందులో చేరాడు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా వచ్చినది. 2022లో మన్యం జిల్లా. తాత విద్యాపత్రంలో, తండ్రి ఉద్యోగపత్రంలో, మనుమని ప్రవేశపత్రంలో మూడు జిల్లాల పేర్లు ఉంటే అందులో ఏదీ తప్పు కాదు.

ఇప్పుడు పాలకొండ పాఠశాల పట్టికలో జిల్లా పేరు ఎట్లా మార్చాలి? ఆరువందల వరుసలను ఒక్కొక్కటే చూచి మార్చడం ఒక మార్గం. అది మళ్లీ చేతివ్రాత పనివంటిదే. "శ్రీకాకుళం అని ఉన్నచోటెల్లా పార్వతీపురం మన్యం అని మార్చు" అని కంప్యూటరుకు ఒక్క ఆజ్ఞ ఇవ్వడం మరొక మార్గం. ఇది చాలా ప్రమాదకరం. శ్రీకాకుళం పట్టణంలో స్థిరపడినవారి ఊరి పేరే మారిపోతుంది. రాజాంవారు విజయనగరంలోకి పోవలసినది మన్యంలోకి పోతారు. ఆమదాలవలసలోని రైల్వేస్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు. చిరునామాలో ఆ గుర్తు వ్రాసినవారికి "పార్వతీపురం మన్యం రోడ్డు" అని లేని స్టేషను ఒకటి పుడుతుంది. ఆమదాలవలస అన్న మాటను పట్టుకొని పోయినా గతి ఇంతే. ఆమదాలవలస శ్రీకాకుళం జిల్లాలోనే ఉండిపోయింది. పేరులో దానిని కలుపుకొన్న రేగిడి ఆమదాలవలస విజయనగరానికి పోయింది.

సరియైన మార్గం వేరు. మనుషుల పట్టికలో జిల్లా పేరు వ్రాయనే కూడదు. అక్కడ మండలం వరకే ఉండాలి. "ఏ మండలం ఏ జిల్లాలో ఉన్నది" అనే సంగతి మరొక చిన్న పట్టికలో ఉండాలి. అందులో మండలానికి ఒకే వరుస. లేబుల్ తయారయ్యేటప్పుడు మండలం పేరునుబట్టి రెండవ పట్టికలో వెదకి జిల్లా పేరు తెచ్చుకొనే సూత్రం ఎక్సెల్‌లో "వీలుకప్" అనే పేరుతో ఉన్నది. ఈ ఏర్పాటు ఉంటే 2022లో శ్రీకాకుళం జిల్లానుండి పోయిన మండలాలకు మార్చవలసినవి ఎనిమిది వరుసలు మాత్రమే. పూర్వవిద్యార్థులు ఆరువందలమంది ఉన్నా ఆరువేలమంది ఉన్నా ఆ ఎనిమిదే. ఒక్కొక్క సంగతిని ఒక్కచోటనే వ్రాసి, కావలసినప్పుడు పట్టికలను ఒకదానితో ఒకటి సంబంధింపజేయడమనే ఈ పద్ధతికి గణితశాస్త్రపు పునాది వేసినవాడు ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్. ఆయన వ్యాసం 1970లో వెలువడినది. బ్యాంకులు, రైల్వే రిజర్వేషన్లు మొదలైన పెద్ద పెద్ద వ్యవస్థలు నేడు విరివిగా వాడేది ఆ పద్ధతినే. బడిలోని చిరునామాల పట్టికకు కూడా అదే వర్తిస్తుంది.

పిన్‌కోడును మాత్రం జిల్లాతో ముడిపెట్టరాదు. జిల్లాలు మారినా పిన్‌కోడులు మారలేదు. పాలకొండ 532440 గానే ఉన్నది. రాజాం విజయనగరం జిల్లాలో చేరినా 532127 గానే ఉన్నది. పార్వతీపురం 535501. అనగా ఒకే మన్యం జిల్లాలో 532 ఊళ్లూ ఉన్నవి, 535 ఊళ్లూ ఉన్నవి. "విజయనగరం జిల్లా అయితే 535 ఉండాలి" అని తలచి ఎవరైనా రాజాం పిన్‌కోడును సవరిస్తే, సరిగా పోయే జాబును చేజేతులా దారి తప్పించినవారవుతారు. పిన్‌కోడులోని మొదటి మూడంకెలు తపాలావారి జిల్లాను తెలుపుతవిగాని కలెక్టరుగారి జిల్లాను కాదు. జాబు చేరడానికి మొదట పనికివచ్చేది ఆ సంఖ్యే కాబట్టి లేబుళ్లను ముద్రించే ముందు పట్టికను పిన్‌కోడు క్రమంలో అమర్చుకోవడం మంచిది. అప్పుడు కవర్లు తమంతట తామే ఊరివారీగా కట్టలై వస్తవి.

తెలుగులో ఈ పని చేసేవారికి లిపి విషయంలో ఒక హెచ్చరిక అవసరం. కొంతకాలం క్రితంవరకు పట్టణాలలోని డి.టి.పి. దుకాణాలలో వాడిన తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒక లోపమున్నది. తెరమీద తెలుగు కనిపించినా లోపల దాగి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తవి. అకారాది క్రమం కూడా కుదరదు. 1991లో మొదటి ప్రమాణం వెలువడిన యూనికోడ్‌లో తెలుగుకు ప్రత్యేకంగా 128 స్థానాలు కేటాయించారు. ఆ పద్ధతిలో టైపు చేసిన పట్టిక ఫాంటు మారినా తెలుగుగానే ఉంటుంది. పాత పట్టికలు చేతిలో ఉన్న పాఠశాలలు ముందుగా వాటిని యూనికోడ్‌లోకి మార్చుకొని, నూరు పేర్లైనా చదివి సరిచూచుకోవడం ఉత్తమం. ఒడిశాలోను ఇతర రాష్ట్రాలలోను ఉన్నవారికి పోయే లేబుళ్లమీద ఊరు, రాష్ట్రం పేర్లు ఇంగ్లీషులో కూడా ఉండడం మేలు.

లేబుల్‌తోపాటు లోపలి జాబును కూడా ఇదే పద్ధతిలో పేరుపేరునా వ్రాయించవచ్చును. అక్కడ తెలుగు వ్యాకరణం అడ్డుపడుతుంది. మూసలో ఊరి పేరు పెట్టి దాని వెనుక "కు" చేర్చామనుకొందాం. పాలకొండకు, సాలూరుకు అనేవి సరిగా వస్తవి. బొబ్బిలికి అని ఉండవలసినచోట "బొబ్బిలికు" అని, వీరఘట్టానికి అని ఉండవలసినచోట "వీరఘట్టంకు" అని వస్తుంది. తెలుగులో విభక్తి ముందున్న మాటను బట్టి మారుతుంది; ముందున్న మాటను కూడా మారుస్తుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. దీనికి ఉపాయం, విభక్తిని ఊరి పేరునుండి తప్పించి ఎప్పుడూ మారని మరొక మాటకు తగిలించడం. "వీరఘట్టం గ్రామానికి", "బొబ్బిలి పట్టణానికి" అన్నట్లు. మనుషుల పేర్ల విషయంలో ఈ ఉపాయం మన పెద్దలు ఎప్పుడో కనిపెట్టినారు. అప్పలరాజు, రాములమ్మ, సింహాచలం – పేరు ఏదైనా చివర "గారికి" అన్నమాట చేరిస్తే పేరు మారకుండా ఉంటుంది, మర్యాదా దక్కుతుంది. మెయిల్ మెర్జ్‌కు ఇంతకన్న అనువైన మాట మరొకటి దొరకదు.

ఈ పద్ధతి ఆహ్వానాలకే పరిమితం కాదు. ప్రగతిపత్రాలు, గుర్తింపు కార్డులు, బహుమతి పత్రాలు, తల్లిదండ్రుల సమావేశపు పిలుపులు – మూస ఒకటి, పేర్లు అనేకం ఉన్నచోటెల్లా ఇదే ఏర్పాటు. ఒకే పట్టికను ఎన్ని మూసలతోనైనా కలపవచ్చు. అయితే ఇంతమంది ఇళ్ల గుర్తులు ఒక్కచోట చేరిన పట్టిక విలువైనది; అమ్మకపు సంస్థలు అడుగుతవి. వ్యక్తుల వివరాల రక్షణకు పార్లమెంటు 2023లో ఒక చట్టం చేసినది. పట్టికను ఎవరి చేతికి పడితే వారి చేతికి ఇవ్వకుండా ఒక ఉపాధ్యాయుని బాధ్యతలో ఉంచడం అవసరం.

కవర్లు పోయిన తరువాత కొన్ని తిరిగివస్తవి. "ఈ చిరునామాలో లేరు", "ఊరు విడిచినారు" అని తపాలా ఉద్యోగి వ్రాసిన గుర్తు వాటిమీద ఉంటుంది. శ్రీకాకుళం జిల్లానుండి పనులకోసం హైదరాబాదుకు, చెన్నైకి వలసపోయే కుటుంబాలు చాలా ఉన్నవి కాబట్టి ఇవి తక్కువగా ఉండవు. తిరిగివచ్చిన కవర్లను మూలనపడవేయకుండా ప్రవేశసంఖ్యనుబట్టి పట్టికలో ఆ వరుసను వెదకి, "తిరిగివచ్చినది" అనే గడిలో తేదీ వేయాలి. ఆ గడి నిండి ఉన్నవారిని తదుపరి ముద్రణలో వదలివేయమని మెయిల్ మెర్జ్‌కు చెప్పవచ్చును. వారి పేర్లతో వేరొక జాబితా తీసి అదే ఊరి తోటి విద్యార్థులకు పంపితే, కొత్త చిరునామాలు నాలుగైదైనా దొరుకుతవి.